డబ్బాలో ఎర, పొట్లంలో ఎర

సియావోంగా,
3 జులై 1995.

గౌరవనీయులైన లిస్వానిసో ముకెలబాయ్ గారికి,

నమస్కారాలు. మీరు నన్నెరగరు గానీ నేను మిమ్మల్ని బాగా ఎరుగుదును. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా మీరు మా బజారులో అడుగుపెడితే ఎండుచేపలమ్మే ఆడవాళ్ళంతా త్రాసుల్ని బుట్టల కింద దాచేసి, తామే తూకం రాళ్ళలా కదలకుండా కూర్చునేవారు. సొంత అక్కగారి త్రాసునే జప్తు చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాకు రేవు పక్కన గాలాల దుకాణం ఉంది. పులిచేపల కోసం బొమ్మ ఎరలు నేనే చేస్తాను. స్టీలు చెంచా కాడ కోసేసి, మిగిలినదాన్ని సుత్తితో వంచి, కొక్కెం తగిలించి, గోళ్ళరంగుతో ఎర్రబొట్టు పెడతాను. నీళ్ళలో చేపపిల్లలా తళుక్కుమంటుంది. డజను గుడ్ల ధరకిస్తాను. మా ఊరి కొత్త లాడ్జి మేనేజరు మాత్రం లుసాకా నుంచి విదేశీ ఎరలు తెప్పిస్తాడు. ఒక్కోటి మొక్కజొన్న పిండి బస్తా ధర. "నీ చెంచాలు వాటికి తీసిపోవని నమ్మదగిన మనిషి ఎవరైనా రాసిస్తే, సెప్టెంబరు చేపలవేట పోటీలకి మూడొందల ఎరలు తీసుకుంటాను" అన్నాడు. ఆ మూడొందలూ అమ్ముడుపోతే నా దుకాణం నిలబడుతుంది. లేకపోతే వానలకు ముందే మూసేసి మా అన్న పశువుల దగ్గరకు పోవాలి.

అందుకని నా ఎరను కాగితం పొట్లంలోనూ, విదేశీదాన్ని దాని డబ్బాలోనూ బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. సరస్సు మీ సినాజోంగ్వేలోనూ ఇదే, చేపలూ ఇవే. రెండూ వేసి చూసి, నిజం రాయండి. ఏదైనా సరే.

ఇట్లు,
లుయాండో సియాజ్వేలా

తా.క.: పేరును బట్టి మీరు లోజీవారు. నేను టోంగా. మన రెండు తెగలకీ తాతలనాటి వేళాకోళం వరస, ఎంతమాటన్నా కోపం తెచ్చుకోకూడదు. కాబట్టి చెబుతున్నాను, చేపను తూచేటప్పుడు త్రాసు మీద మీ లోజీ బొటనవేలు ఆనించకండి.

రెండో తా.క.: అరకిలో ఎండు కపెంతా చేపలు కూడా పంపాను. లంచం కాదు.


సినాజోంగ్వే,
9 జులై 1995.

శ్రీమతి లుయాండో సియాజ్వేలా గారికి,

మీ పార్సిలు ముట్టినది. ఎరలు రెండు, సరిగానే ఉన్నవి. అరకిలో అని పేర్కొన్న కపెంతా నాలుగు వందల అరవై గ్రాములే తూగినది. పదవీ విరమణ చేసినందున చర్య తీసుకోలేకపోతున్నాను.

పరీక్ష ఇరవై రోజులు. పొద్దున ఒక ఎర, సాయంత్రం రెండోది, మర్నాడు తారుమారు. గాలపు కర్ర అదే, పడవ అదే. ధర పెరిగితే చేపలు కూడా పెరుగుతాయా అన్న సందేహం నాకూ ఎప్పటినుంచో ఉంది. ఎవరూ తూచి చూడలేదు. నేను చూస్తాను.

జప్తు చేసింది అక్కగారి త్రాసు కాదు, అత్తగారిది.

భవదీయుడు,
లి. ముకెలబాయ్ (విశ్రాంత ఇన్‌స్పెక్టరు)

తా.క.: వేళాకోళం వరస పరీక్షలకు వర్తించదు.

రెండో తా.క.: కపెంతాను తిప్పి పంపుదామని పక్కన పెట్టాను. మా ఆవిడ ఇనోంగే టమాటాలు వేసి వండేసింది. లంచం తిన్నది ఆవిడే. నేను ఉత్త న్షిమా సంకటి ముద్దలు తిన్నాను. ముద్ద అంచుకు కాస్త పులుసు తగిలిందేమో, కచ్చితంగా చెప్పలేను.


సినాజోంగ్వే,
30 జులై 1995.

శ్రీమతి సియాజ్వేలా గారికి,

పరీక్ష ముగిసినది. డబ్బాలోని ఎరకు పడినది ఒక్క చేప, అదీ నా అరచేతిలో పట్టేంత. పొట్లంలోని మీ ఎరకు పదకొండు.

మీరు సంతోషిస్తారు. నాకు మాత్రం అనుమానంగా ఉంది. త్రాసు మరీ అనుకూలంగా చూపిస్తే పళ్ళెం అడుగున సీసం ముక్క కోసం వెతకాలని నా ఉద్యోగం నాకు నేర్పింది. దాచకుండా చెప్పండి, మీ ఎరకు ఏమైనా పూశారా? వేరో, నూనో, ఎవరైనా మంత్రించి ఇచ్చిన మందో?

భవదీయుడు,
లి. ముకెలబాయ్

తా.క.: పదకొండు పులిచేపల ముళ్ళు ఏరుకుంటూ తిన్నాం. ఇనోంగే మీకు శాపనార్థాలు రాయమంది. పద్దెనిమిదున్నవి. అన్నీ రాసినట్టే అనుకోండి.


సియావోంగా,
4 ఆగస్టు 1995.

లోజీ దొరగారికి,

దండాలు. నేను మందు పూశానా! మందూ మాకూ కావాలంటే మా వాళ్ళు రెండు రోజులు బస్సెక్కి మీ లోజీల ఊళ్ళకే వస్తారు. పూసిందల్లా గోళ్ళరంగు. అది కూడా లంచం కిందికొస్తుందేమో మీ పాత పుస్తకాల్లో చూడండి.

ఇది చదివి కోపం తెచ్చుకోకూడదు, వరస గుర్తుందిగా. తిట్టడం అయింది కాబట్టి అసలు సంగతికొస్తాను. నాకూ మనసు మనసులో లేదు. నా చెంచా మంచిదని నాకు తెలుసు. విదేశీదానికి పదకొండింతలు మంచిదంటే నేను కూడా నమ్మను. ఒక్కటి చెప్పండి. ఏ ఎరను ఎక్కడ వేశారు? డాక్టరుకు చెప్పినట్టు చెప్పండి.

ఇట్లు,
లుయాండో

తా.క.: తొందరపడి లాడ్జి మేనేజరుకు "పదకొండూ ఒకటీ" అని చెప్పేశాను. కుర్చీ వేసి టీ ఇప్పించాడు. ఇప్పుడు కాదని తేలితే ఆ టీ ఎక్కడ కక్కను?


సినాజోంగ్వే,
11 ఆగస్టు 1995.

శ్రీమతి సియాజ్వేలా గారికి,

"ఇదేం ప్రశ్న? రెండూ ఒకే చోట వేశాను" అని రాస్తూ, పైకి చదువుకున్నాను. పక్కన గుమ్మడాకులు తరుగుతున్న ఇనోంగే కత్తి ఆపింది.

"ఒకే చోటా? ఆ డబ్బాలో మహారాణిని రేవు ముందు ఖాళీ నీళ్ళలో స్నానం చేయించి, తుడిచి, మళ్ళీ డబ్బాలో పడుకోబెడుతున్నారు. పొట్లంలోదాన్ని మాత్రం తీసుకెళ్ళి మునిగిన చెట్ల మధ్యకి గిరవాటేస్తున్నారు. చేపలుండేది చెట్లలో. ఖాళీ నీళ్ళలో మహారాణికి ఏం పడుతుంది, జలుబా?"

ఆలోచిస్తే అక్షరాలా నిజం. ఏ కొమ్మకో చిక్కి దారం తెగితే పిండి బస్తా మునిగిపోయినట్టే కదా అని, నాకు తెలియకుండానే నా చెయ్యి పడవను పక్కకు తిప్పేసింది. ధర చేపకు తెలియదు, చేతికి తెలిసిపోయింది. ఇటువంటి లోపం ఏ త్రాసులోనూ నేను చూడలేదు, చాలా ఆశ్చర్యంగా ఉంది. పరీక్ష రద్దు చేస్తున్నాను. ఈసారి రెండూ చెట్లలోకే.

భవదీయుడు,
లి. ముకెలబాయ్

తా.క.: మందు మాట వెనక్కి తీసుకుంటున్నాను. బొటనవేలి మాట మీరూ తీసుకోవచ్చు.

రెండో తా.క.: నా పెళ్ళి సూటు కూడా మంచిదనే పేరుతో ముప్పై ఏళ్ళుగా పెట్టెలోనే ఉందని ఇనోంగే గుర్తుచేసింది. తొడుక్కుని చూశాను. అందువల్ల పరీక్ష ఒక రోజు ఆలస్యమైంది.


సియావోంగా,
16 ఆగస్టు 1995.

బావగారికి,

నమస్కారం. మా టోంగాలు ప్రాణంగా పెంచుకునే ఆవుని కూడా అంత ముద్దుచెయ్యరు. ఈసారి ధైర్యంగా వెయ్యండి, డబ్బాది పోయినా నేనడగను.

పరీక్ష మళ్ళీ మొదలైందని మేనేజరుతో చెప్పాను. సెప్టెంబరు పదహారు, శనివారం లోగా కాగితం చేతికి రాకపోతే లుసాకాకు ఆర్డరు పంపేస్తానన్నాడు. ఈసారి టీ ఇవ్వలేదు. నిలబెట్టే మాట్లాడాడు. నాకు భయంగా ఉంది బావగారూ.

ఇట్లు,
లుయాండో

తా.క.: సూటు పట్టిందో లేదో రాయలేదు. ఇది తూనికల శాఖవారు దాచవలసిన విషయమా?


సినాజోంగ్వే,
29 ఆగస్టు 1995.

శ్రీమతి సియాజ్వేలా గారికి,

ఫలితం: డబ్బా ఎరకు అయిదు, పొట్లం ఎరకు అయిదు. డబ్బా ఎర రెండుసార్లు చెట్టుకు చిక్కింది. రెండుసార్లూ అరవై ఆరేళ్ళ వయసులో ఆ ఎండిన మోపానే చెట్టెక్కి తీశాను. కింద మొసలి ఒకటి నన్ను ఎంతో ఆసక్తిగా చూసింది.

ధ్రువపత్రం రాయడానికి కూర్చున్నాను. అలవాటు కొద్దీ రెండు ఎరలనూ బంగారం త్రాసులో వేశాను. రెండూ ఒకే బరువు. గురిగింజంత తేడా లేదు. చేత్తో కోసిన చెంచా, యంత్రం మీద చేసినదానితో ఇంత సరిగ్గా తూగదు. బ్లేడుతో మీ ఎర్రబొట్టు గీకాను. కింద ఆ విదేశీ కంపెనీ ముద్ర కనబడింది!

అమ్మా, పాత విదేశీ ఎరకు బొట్టుపెట్టి మీరు చేసిందేనని పంపారు. ఒకే తల్లి బిడ్డలకు చేపలు సమానంగా కాక ఎలా పడతాయి? మిమ్మల్ని నమ్మాను. నిజం ఏదైనా సరే రాయమన్న మనిషి ఇంత పని చేస్తుందనుకోలేదు. చాలా బాధగా ఉంది.

లి. ముకెలబాయ్

తా.క.: సూటు పట్టలేదు. ఇక ఉత్తరాలు వద్దు.


సియావోంగా,
1 సెప్టెంబరు 1995.

బావగారికి,

వద్దన్నా రాస్తున్నాను. చదివి చింపెయ్యండి.

మీ ఉత్తరం అందగానే దుకాణంలో ఎరల పెట్టె బోర్లించి చూశాను. మీకు పంపాననుకున్న నా చెంచా అడుగున పడి ఉంది. కళ్ళజోడు విరిగి ఉన్న రోజున పొట్లం కట్టాను. తప్పు నాదే, మోసం మాత్రం కాదు.

మరి పొట్లంలో వచ్చిన ఆ విదేశీది ఎక్కడిదంటారా? డ్యాం కట్టి ఈ సరస్సు నిండకముందు, ఈ మునిగిన చెట్లలో కొన్ని మా తాత పొలం గట్టున ఉండేవి. కరువుకు సరస్సు దిగిపోయి చెట్లు బయటపడితే చూద్దును కదా, లాడ్జివాళ్ళు పోగొట్టుకున్న ఎరలు కొమ్మకొకటి కాసి ఉన్నాయి! దోనె వేసుకెళ్ళి కోసుకొచ్చాను. తుప్పు మీద బొట్టుపెట్టి, "చెట్టు సరుకు" అని చీటీ అంటించి విడిగా అమ్ముతున్నాను. చెట్టు మాదైతే కాయ మాది కాదా? ఇన్‌స్పెక్టరుగారే తేల్చాలి.

మేనేజరుకు అంతా చెప్పేశాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. గడువు మాత్రం పెంచలేదు.

ఇదిగో, ఈ ఉత్తరంతో పంపుతున్న ఎర నిజంగా నా చేతిది. నా దుకాణమంతా దీని మీదే ఉంది. ఇది విదేశీదాని ముందు నిలుస్తుందా లేదా అన్నది ఇప్పటికీ ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. ఓడిపోతే ఓడిపోయిందని రాయండి. తెలియకుండా పశువుల దగ్గరకు పోవడం కంటే తెలిసి పోతాను.

ఇట్లు,
లుయాండో

తా.క.: ఈసారి కపెంతా పంపలేదు. పంపితే ఏమనుకుంటారోనని.


సినాజోంగ్వే,
12 సెప్టెంబరు 1995.

మరదలికి,

ఆశీస్సులు. నిన్ను అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాను. కాయల సంగతి తేల్చడం నా వల్ల కాదు, ఆ చెట్టెక్కినవాడిగా నాకూ అందులో వాటా ఉందనిపిస్తోంది.

జరిగింది చెబుతాను. "నా దుకాణమంతా దీని మీదే" అన్న నీ మాట చదివాక నాకు చేతులాడలేదు. డబ్బా ఎర పోతే ఒక పిండి బస్తా పోతుంది. ఇది పోతే ఒక మనిషి బతుకుతెరువే పోతుందాయె. ఎనిమిది రోజులు దీన్ని ఖాళీ నీళ్ళలోనే తిప్పాను. ఒక్క చేప. డజను గుడ్ల ధర చేసే నీ చెంచా, నా చేతిలో ఈ సరస్సులోకెల్లా ఖరీదైన ఎరగా మారి కూర్చుంది.

నిన్న పొద్దున ఇనోంగే పడవ దగ్గరకొచ్చి నా చేతిలోంచి గాలపు కర్ర లాగేసుకుంది.

"ఆ పిల్ల దుకాణం మూతపడేది ఎర పోయి కాదు, మీ చేతికి చేపలు పడక. లేవండి!"

చెట్లు బాగా దట్టంగా ఉన్నచోటికి విసిరింది. గంటలో మూడు పులిచేపలు. పెద్దది అయిదు కిలోల నాలుగు వందలు. వెంటనే డబ్బా ఎర ఇచ్చి, అదే చోట, గడియారం చూసి ఇంకో గంట వేయించాను. దానికీ మూడే. పెద్దది అయిదు కిలోల మూడు వందలు. సందేహం తీరక మళ్ళీ నీ ఎర కట్టించాను. ఈసారి పడింది ఎంత పెద్దదో నేను చెప్పలేను, తూచకుండా చెప్పడం నాకు అలవాటు లేదు. పడవను ఒక పక్కకు ఒరిగించి, దారం తెంపుకుని, నీ ఎరతో సహా వెళ్ళిపోయింది. నేను తలపట్టుకున్నాను. ఇనోంగే మాత్రం చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ధ్రువపత్రం జతచేశాను. బస్సు డ్రైవరు శుక్రవారం లోగా మేనేజరు చేతికే ఇస్తానన్నాడు. నకలు ఇది:

"సియావోంగా చెంచా ఎరకూ విదేశీ ఎరకూ పరీక్షలో తేడా కనబడలేదు. తేడా వేసే చేతిలో కనబడినది. భర్త వేసిన ఎనిమిది రోజులకు ఒకటి, భార్య వేసిన గంటకు మూడు. కావున ఈ ఎర దేనికీ తీసిపోదు."

ఇట్లు, మీ బావ,
లిస్వానిసో ముకెలబాయ్

తా.క.: ధ్రువపత్రం మీద పరీక్షాధికారిగా ఇనోంగే సంతకం పెట్టింది. నేను సాక్షిని.

రెండో తా.క.: మూడొందల్లోంచి ఆరు ఎరలు ఆవిడకోసం పక్కన పెట్టు. పోటీలకు పేరిచ్చింది. ఇద్దరం వస్తున్నాం. నేను తెడ్డు వేస్తాను.