దయ్యం వేషం వేసినందుకే పోయావన్నారు

యాదమ్మక్కా,

నమస్తే. నువ్వు పోయి ఏడు నెలలు దాటింది. వారానికో కథ రాసి పడేసే మనిషిని, నీకు ఒక ఉత్తరం రాయడానికి ఇంత కాలం పట్టింది. తీరిక లేదని అందరికీ చెప్పుకున్నాను. తీరిక ఉంది అక్కా... ధైర్యమే లేదు.

ముందు మన దయ్యాల సీరియల్ సంగతి. సెప్టెంబరులో ఆపేశారు. మూడేళ్ళపాటు ప్రతి శనివారం సాయంత్రం వచ్చింది కదా, ఒక్క వారంలో ముగింపు రాసిమ్మన్నారు. రాసిచ్చాను. మీ ఊళ్ళో మనం షూటింగు చేసిన ఆ రాతి మేడకి మళ్ళీ తాళం పడింది. మన వేళకి ఇప్పుడు అత్తాకోడళ్ళ సీరియల్ ఒకటి వస్తోంది. మొదటి వారంలోనే కోడలి పాలల్లో విషం కలిపారు. దాని మీద ఒక్క ఉత్తరం కూడా రాలేదట.

నువ్వుంటే ఏమనేదానివో నాకు తెలుసు. ఒకసారి అన్నావు కూడా. “కోడలికి ఇసం పెట్టుడు ఇంటిల్లిపాది కూసోని సూస్తరు. అది మంచిగనే ఉంటది. మన దయ్యం మెట్లు దిగితెనే పోరగాండ్లు కరాబైతరా?”

మనకి మాత్రం ఉత్తరాలకి ఏనాడూ కొదవ లేదు. గుర్తుందా? షూటింగు మధ్యలో మేడ మీదుగా విమానం పోయినప్పుడల్లా, ఆ చప్పుడు పడకూడదని సౌండ్ చూసే అతను చెయ్యెత్తేవాడు. అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయేవాళ్ళం. ఆ కాస్త ఖాళీలో నేను ప్రేక్షకుల ఉత్తరాలు చదివేదాన్ని. నువ్వు మొహాన తెల్లరంగుతోనే మెట్టు మీద కూర్చుని, జొన్నరొట్టె తుంచుకుని తింటూ వినేదానివి.

దయ్యం ఎప్పుడూ మెట్ల మీదే ఎందుకుంటుంది అని ఒకరు. ఆ మేడలో వెలుతురు సరిగ్గా పడే చోటు అదొక్కటే అని వాళ్ళకెలా తెలుస్తుంది? పిల్లలు ముసుగు తీయడం లేదు, భయపడి చస్తున్నారు అని ఒకరు. అసలు భయమే వేయడం లేదు, చందమామ కథల్లా ఉన్నాయి అని మరొకరు. ఆ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. దయ్యం మరీ నెమ్మదిగా నడుస్తోంది, నిద్రొస్తోంది అని ఇంకొకరు రాస్తే నువ్వు రొట్టె పక్కన పెట్టి మరీ నవ్వావు.

“దయ్యానికి ఏం తొందరే చెల్లె? సచ్చినంక ఇగ బస్సు పట్టాల్నా, పొయ్యి ఎలిగియ్యాల్నా?”

అసలు నువ్వు దయ్యానివైందే ఆ నడక వల్ల. మేము మేడని కిరాయికి తీసుకున్నప్పుడు నువ్వు ఊడ్చే పనికి వచ్చావు. భర్త పోయాక కూలిపనులు చేసి నీ కొడుకు నర్సింలుని ఒక్కదానివే పెంచుకున్నావు. అతను విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పనిలో కుదురుకున్నా, నువ్వు ఇంట్లో కూర్చోలేదు. ఆ రోజు దయ్యం వేషానికి సిటీ నుంచి వచ్చిన అమ్మాయి కేకలు పెడుతూ మెట్లు దిగుతోంది. ఐదుసార్లు దిగినా కుదరలేదు. వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి నువ్వు నవ్వావు. డైరెక్టరుకి ఒళ్ళు మండి, అయితే నువ్వు దిగి చూపించు అన్నాడు.

చీపురు గోడకానించి పైకెళ్ళావు. దిగావు. అంతే కదా నువ్వు చేసింది! నీ అడుగుల చప్పుడే లేదు. కెమెరా వెనకాల ఉన్న వాళ్ళందరం ఒక అడుగు వెనక్కి వేశాం.

ఇంకోటి కూడా నేను మరిచిపోను. పొలిమేరలో ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ కథ రాశాను. చివరికి ఆమే మంత్రగత్తె అని తేలుతుంది. నీకు చదివి వినిపించాను. నువ్వన్నది ఒకటే మాట.

“గా ముసలిదాన్ని మంత్రగత్తె జేస్తె నేను ఏశం ఎయ్య. మా మేనత్త పండ్లు రాలగొట్టింది దయ్యం గాదే, మనుషులు. బాణామతి జేసిందని ఊరంత గూడి రాలగొట్టిన్రు. దయ్యం ఎవ్వల్నన్న కొట్టంగ జూసినవా నువ్వు?”

ఆ రాత్రి కథ మార్చాను. చేతబడి అని ఊరిని నమ్మించి ముసలమ్మ ఇల్లు కాజేయాలనుకున్న పెద్దమనిషి చివరి ఐదు నిమిషాల్లో బయటపడతాడు. ఆ తర్వాత మన కథలన్నీ అలాగే నడిచాయి. బతికుండగా ఎవరూ మాట వినని మనిషి, పోయాక వచ్చి వినమంటుంది... అంతే కదా మన దయ్యం? ఇందులో మూఢనమ్మకం ఎక్కడుంది?

అయినా రాజేంద్రనగర్ మాస్టారు కార్డులు రాస్తూనే ఉన్నారు. పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నెలకి రెండు కార్డులు, ముత్యాల్లాంటి అక్షరాలు. మీరు సమాజాన్ని వందేళ్ళు వెనక్కి నడిపిస్తున్నారు అని ప్రతి కార్డులోనూ ఉండేది.

సరే... నువ్వు పోయాక ఏమైందో చెబుతాను.

మే నెలలో, రోహిణి ఎండల్లో పోయావు. నీ చివరి కథ ఇంకా ప్రసారం కాలేదు. రెండు వారాలు గడిచాయో లేదో, ఛానెల్ పేజీలో ఎవరో రాశారు. దయ్యం వేషం వేసింది, దయ్యం ఊరుకుంటుందా, తీసుకుపోయింది అని. దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. ఆమె ఆత్మ ఆ మేడలోనే తిరుగుతోందని ఒకరు. మేడ పక్కనుంచి పోతుంటే గజ్జెల చప్పుడు విన్నామని ఒకరు. నువ్వు ఏనాడూ గజ్జె కట్టలేదు కదక్కా!

మూడేళ్ళుగా మూఢనమ్మకాలు పెంచుతున్నారని మనల్ని తిట్టినవాళ్ళే ఇవి నమ్మారు. ఎవరితో చెప్పుకోను?

ఛానెల్‌వాళ్ళకి మాత్రం పండగైంది. నీ చివరి కథకి ప్రకటన తయారుచేశారు. నటించిన దయ్యం నిజంగా వచ్చిందా... అని పెద్ద అక్షరాలు, వెనకాల నీ నడక. వద్దని మొత్తుకున్నాను. భయం ఉంటేనే చూస్తారండీ అన్నారు.

అది వాళ్ళ వ్యాపారం. నర్సింలుకి అది సంసారం.

ఒక పొద్దున అతను డ్యూటీ బట్టలతోనే అత్తాపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. నువ్వు నన్ను చెల్లె అంటావు కాబట్టి నన్ను చిన్నమ్మా అనేవాడు కదా. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పాడు. “చిన్నమ్మా, మా అత్త వచ్చి మా ఆమెను తోల్కపోయింది. మూడో నెల. ఇంట్ల గాలి ఉన్నదట, కడుపుల బిడ్డకు సోకుతదట. ఇగ పంపం అని కరాఖండిగ జెప్పిన్రు. అమ్మది ఆ ఆఖరి కథ ఎయ్యకుండ్రి... నీ కాళ్ళు మొక్కుత.”

నేనేం చెప్పగలను? ఆపడం నా చేతుల్లో లేదు. ప్రయత్నిస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు అతని మొహం చూడలేకపోయాను. దానికి కారణం అతనికి తెలియదు. నీకు తెలుసు.

జూలైలో ఒక ఆదివారం, ప్రేక్షకులు ఫోన్ చేసి అడిగే కార్యక్రమంలో నన్ను కూర్చోబెట్టారు. సీరియల్ మీద వచ్చిన విమర్శలకి జవాబు చెప్పాలి. నీ చావు గురించి అడిగితే మాత్రం అవుననొద్దు, కాదనొద్దు, నవ్వి ఊరుకోండి అని ముందే చెప్పారు. నేను నాలుగు పేజీలు రాసుకుని వెళ్ళాను. భయం కథలు మన తాతమ్మల నాటినుంచీ ఉన్నాయనీ, భయపెట్టి నిజం చెప్పడం కూడా ఒక పద్ధతేననీ... చాలా బాగా రాసుకున్నాను.

మొదటి ఫోన్ మాస్టారిదే. ముసలమ్మని మంత్రగత్తెగా చూపించారని నిలదీశారు. అదే మన కథ! చివరి ఐదు నిమిషాలు చూశారా మాస్టారూ అని అడిగాను. “కరెంటు పోయిందమ్మా” అన్నారు. నిజమే చెప్పారు. ఆ కథ వచ్చిన ఏడాది కరెంటు కోతలకి ఎవరింట్లో ఏ కథ చివరిదాకా సాగింది గనక? కోపం రాలేదు అక్కా. ఒక్కసారిగా నీరసం వచ్చింది. మూడేళ్ళ కార్డులు, ఒక కరెంటు కోత...

తర్వాత కాటేదాన్ నుంచి ఒకావిడ మాట్లాడింది. ఏదో ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుందట. తిట్టడానికి చేయలేదు. గొంతు తగ్గించి అడిగింది. “మేడం, ఆమెను దయ్యమే తోల్కపోయిందంట గదా, నిజమేనా? నా బిడ్డె రోజు అడుగుతున్నది. నేనేం జెప్పాలె?”

నవ్వి ఊరుకోమన్నారు. నవ్వు రాలేదు. కాగితాలు పక్కన పెట్టేశాను.

చెప్పేశాను అక్కా. చివరి షూటింగు రోజు పొద్దుటినుంచి నువ్వు ఎడమ భుజం పట్టుకుని తిరుగుతున్నావని. మధ్యాహ్నం మెట్ల సీను మూడుసార్లు తీస్తే, మూడుసార్లూ విమానం చప్పుడు పడి పాడైందని. నువ్వు పిట్టగోడ పట్టుకుని నావైపు చూసి, “జర నొస్తున్నదే చెల్లె, ఇయ్యాల్టికి సాలు గదా” అన్నావని. ఎండకి నీరసం అనుకుని, ఈ ఒక్కసారీ అక్కా, ఒక్కసారే, అని నేనే నిన్ను పైకి పంపానని. తెల్లవారుజామున నర్సింలు నిన్ను దవాఖానకి తీసుకెళ్తుంటే దారిలోనే పోయావని.

“ఆమెని ఏ దయ్యమూ తీసుకుపోలేదు. గుండె జబ్బు. నొప్పి అని నాతో చెప్పింది, నేను ఆపలేదు. తిట్టాలంటే నన్ను తిట్టండి. కథని తిట్టకండి, ఆమె ఇంటికి మచ్చ పెట్టకండి.”

అలాగే అన్నాను. యాంకరమ్మాయి వెంటనే ప్రకటనలకి వెళ్ళిపోయింది.

మేడలో దయ్యం లేదని తేలాక ఇక ఆ ప్రకటనతో పనేముంది? తీసేశారు. నీ చివరి కథ ఆగస్టులో మామూలుగా, ఏ హడావిడీ లేకుండా వచ్చింది. ఆ నాలుగోసారి దిగిన నడకే అందులో ఉంది. అందరూ బాగుందన్నారు. నేను చూడలేదు. పక్కగదిలో కూర్చుని విన్నాను. వినడానికి ఏముంది, నీ అడుగులకి చప్పుడుంటే కదా...

మాస్టారు ఆ వారం కార్డు రాశారు. కరెంటు ఉంది, చివరిదాకా చూశాను, ఇలాంటి కథలు నాకు ఇప్పటికీ నచ్చవు, దయ్యం వేషం వేసినావిడ నడక మాత్రం గొప్పగా ఉంది, చివర వేసిన పేర్లలో రెండు అక్షరదోషాలున్నాయి... అని.

మిగతా ఉత్తరాలు నా మీద. మనిషిని చంపి కథలు అల్లుతున్నావా అని. మూడేళ్ళలో వచ్చినవాటికన్నా ఎక్కువ. వీటిని అన్యాయం అని ఎలా అనను? అన్నీ చదివాను. దేనికీ జవాబు రాయలేదు.

నీ వియ్యపురాలు ఆ కార్యక్రమం చూసిందట. వారం తిరక్కుండానే కూతుర్ని తెచ్చి దించి వెళ్ళింది. ఇది నాకు మీ ఊళ్ళో కిరాణా కొట్టతను చెప్పాడు. నర్సింలు చెప్పలేదు. నా ఫోన్ ఎత్తలేదు. రెండుసార్లు మీ ఇంటిదాకా వెళ్ళాను. ఒకసారి తాళం. రెండోసారి తాళం లేదు, అయినా తలుపు తీయలేదు. లోపల టీవీ నడుస్తోంది. నేను తిరిగి వచ్చేశాను. తల్లిని పోగొట్టుకున్నవాడు, ఎలా పోయిందో టీవీలో విన్నాడు. ముందుగా అతనికి చెప్పాలి కదా నేను? రెండు నెలలు నోరు మూసుకుని కూర్చుని, ఊరంతటికీ చెప్పి, అతనికి ఆఖరున తెలిసేలా చేశాను. దయ్యాల కథల్లో ఎంతమందితో తప్పులు ఒప్పించాను... నా వంతు వచ్చేసరికి అది కూడా సరిగ్గా చేయలేకపోయాను.

నిన్న అతనే ఫోన్ చేశాడు.

“ఆడపిల్ల పుట్టింది మేడం. పదకొండు దినాలాయె.” చిన్నమ్మా అనలేదు. అత్తగారే వచ్చి మీ ఇంట్లో ఉండి పురుడు పోసిందట. గాలి ఉందన్న ఆ ఇంట్లోనే, నువ్వు పడుకునే గదిలోనే తల్లీబిడ్డా పడుకుంటున్నారట. ఇదంతా చెప్పి, తర్వాత అన్నాడు. “ఒకపారి ఇంటికి రాండ్రి. అమ్మ ఆ దినమంత ఏమేం అన్నదో నాకు జెప్పాలె. టీవీల జెప్పినట్టు గాదు. పొద్దుగాల్నుంచి, మొత్తం.”

రేపు పొద్దున వెళ్తున్నాను అక్కా. అతను తిడతాడో, ఏడుస్తాడో, విని వెళ్ళిపొమ్మంటాడో తెలియదు. దేన్నీ తప్పించుకోను. నువ్వు ఎన్నిసార్లు భుజం పట్టుకున్నావో, మధ్యలో నన్ను ఏమని నవ్వించావో, చివరిసారి పైకి ఎక్కేముందు నావైపు ఎలా చూశావో... ఒక్క మాట దిద్దకుండా, ఉన్నదున్నట్టు నీ కొడుక్కి చెబుతాను. ఇది నా మాట.

నీ చెల్లె,
సరళ