ఆరింటి ఫోన్

ఏప్రిల్ 18, ఐ.పోలవరం

లీవ్ మొదటి రోజే ఒళ్లు మండింది. సాయంత్రం సరిగ్గా ఆరింటికి సుబేదార్ ధర్మరాజు సాబ్ ఫోన్. నీళ్లలో దిగేవా తులసమ్మా అని. ఇంకా బ్యాగే విప్పలేదు సాబ్ అన్నాను. సరేనమ్మా, రేపు ఆరింటికి చేస్తానన్నారు.

యూనిట్‌లో కౌన్సెలింగ్ రోజున ఈ మాటే అన్నారు, లీవ్‌లో ఈత నేర్చుకో, రోజూ అడుగుతాను అని. నమ్మలేదు. పాత యూనిట్‌లో కెప్టెన్ మేడమ్ కూడా గంటసేపు కూర్చోబెట్టి ధైర్యం చెప్పి, కౌన్సెలింగ్ కాగితం మీద నాచేత సంతకం పెట్టించి, తనూ పెట్టారు. తర్వాత నా మొహం చూస్తే ఒట్టు. స్విమ్మింగ్ టెస్ట్ ఫెయిలయ్యాను. ఈసారీ ఫెయిలైతే నా ప్రమోషన్ గోదాట్లో కలిసినట్టే.

ఏప్రిల్ 20

చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టి ఈత రాదంటే ఎవరైనా నవ్వుతారు. మా ఇంట్లో మగపిల్లలకే నేర్పారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు త్రిమూర్తులు చిన్నాన్న సరదాకి పడవలోంచి తోసేశాడు. ఆ నీళ్లు ఇంకా ముక్కులోనే ఉన్నాయి. ఈ సంగతి సాబ్‌కి ఒక్కరికే చెప్పాను. నా నోరు పడిపోను, ఎందుకు చెప్పాను?

ఏప్రిల్ 21

ఆరింటికి ఫోన్.

ఏప్రిల్ 22

మళ్లీ. ఈయనకి వేరే పనే లేదా?

ఏప్రిల్ 23, సాయంత్రం 6.20

అబద్ధం చెప్పాను. పొద్దున్న ఎనిమిదిన్నరకి రేవులో దిగి ఈదానన్నాను. మంచిదమ్మా అన్నారు. నీళ్లెలా ఉన్నాయి, ఉప్పగానా చప్పగానా అని అడిగారు. చప్పగా ఉన్నాయనేశాను.

ఎండాకాలం, పైగా ఇవాళ పున్నమి కదమ్మా, సముద్రం పోటు మీద చప్పటి నీళ్లెక్కడివి, ఎగువన ముక్తేశ్వరం వాణ్ణి, నాకే తెలుసును అన్నారు. రేవులో పుట్టినదాన్ని, నాకు తెలియదా! తిడితే బాగుండేది. తిట్టలేదు. నీ కౌన్సెలింగ్ కాగితం మీద నా సంతకం కూడా ఉందమ్మా, నువ్వు ఫెయిలైతే నేనూ ఫెయిలైనట్టే అన్నారు.

ఎవరు పెట్టమన్నారు? మేడమ్ కూడా పెట్టింది సంతకం. ఆ కాగితం ఎక్కడుందో ఆవిడకే తెలియదు.

ఏప్రిల్ 24

వేట నిషేధం కదా, చిన్నాన్న ఇంటి దగ్గరే ఉన్నాడు. వెళ్లి నడివీధిలో అరిచాను, ఇన్నేళ్ల కోపం. నవ్వాడు. ఇంకా అరిచాను. నవ్వు ఆపేశాడు. నడుముకి తాడు కడతాను, ఈసారి వదలనే తల్లీ అన్నాడు. వదిలితే చంపేస్తానన్నాను.

ఏప్రిల్ 25

ఫోన్ మోగినప్పుడు నీళ్లలో ఉన్నాను. అమ్మ ఎత్తి, ఏట్లో ఉందండీ, మిమ్మల్నే తిట్టుకుంటా కాళ్లాడిస్తందండీ అందట. ఆయ్ అని పెట్టేశారట.

నీళ్లెలా ఉన్నాయని అడగనే లేదు.

ఉప్పగా ఉన్నాయి.