కదలని నీళ్ళు

ఫిచ్‌బర్గ్
9 జనవరి 1956

అమ్మా,

కొత్తిల్లు ఎలా ఉందని అడిగావు. బాగానే ఉంది. మూడు పడకగదులు, వంటింట్లోకి పొద్దుటెండ, వెనక ఒక యాపిల్ చెట్టు. నీ అల్లుడు రోసేర్ మిల్లు నుంచి రాగానే బూట్లయినా విప్పకుండా గోడలు తట్టి చూసుకుంటున్నాడు. అయితే నీకు ఇంతవరకూ రాయని సంగతి ఒకటుంది. ఈ ఇంటికి ఆవిరి బాయిలర్ ఉంది. కొనేముందు అందరూ నేలమాళిగలోకి దిగారు, నేను మాత్రం మెట్ల పైనే నిలబడిపోయాను. పాతదే కానీ గట్టిది, బొగ్గు తీసేసి నూనె మంట పెట్టారు, నువ్వు పార పట్టక్కర్లేదు అన్నాడు రోసేర్. నేను సరేనన్నాను. వద్దంటే కారణం చెప్పాల్సి వచ్చేది.

పొద్దున ఆరింటికి మొదలవుతుంది. ముందు గొట్టాల్లో టిక్కు టిక్కుమని, ఆ తర్వాత గోడలోపల ఎవరో సుత్తి పట్టుకుని బాదుతున్నట్టు దడదడ. మొదటిరోజు నోయెల్లాని దుప్పటితో సహా ఎత్తుకుని మంచులోకి పరిగెత్తాను. తొమ్మిదేళ్ళ పిల్లని ఎలా ఎత్తానో నాకే తెలీదు. పక్కింటావిడ కిటికీ తెర తీసి మరీ చూసింది. రోసేర్ నవ్వీ నవ్వీ ఆయాసపడ్డాడు. తీరా చూస్తే తప్పు నాదే. రేడియేటర్ల కాళ్ళ కింద పాతవాళ్ళు పెట్టిన చెక్కముక్కల్ని, నేల కడుగుతూ చెత్త అనుకుని నేనే లాగిపారేశాను. రేడియేటర్ కాస్త వాలుగా లేకపోతే నీళ్ళు వెనక్కి పారక గొట్టంలో నిలిచిపోయి, ఆవిరి వాటిని కొడుతుందట. చెక్కలు మళ్ళీ పెట్టాడు, మోత తగ్గింది. నా భయం తగ్గలేదు.

ఆదివారం పూజ నుంచి వచ్చాక చెయ్యి పట్టుకుని కిందికి దింపాడు. బాయిలర్ పక్కనున్న గాజుగొట్టం చూపించి, ఇందులో నీళ్ళు సగానికి ఉండాలి, తగ్గితే ప్రమాదం అని నాకు పాఠం చెప్పాడు. ఎవరికి చెబుతున్నాడో ఆ అమాయకుడికి తెలీదు. నేను సెయింట్ ఆన్ పతకాన్ని ఆ గొట్టం పక్కనే వేలాడదీసి పైకొచ్చాను. నవ్వకు.

నీ లోరెట్

*

ఫిచ్‌బర్గ్
24 జనవరి, మంగళవారం

అమ్మా,

ఈ ఉత్తరం ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. కూర్చుని చదువు.

రోసేర్‌కి నా భయం ఆటగా కనబడింది. నోయెల్లాని "ఇంజనీరమ్మా" అని పిలుస్తూ ఒక ఉద్యోగం ఇచ్చాడు. రోజూ బడికి వెళ్ళేముందు కిందికి దిగి గాజుగొట్టం చూసి, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో నాకు చెప్పాలి. నిన్న పొద్దున అది మెట్ల మీద నుంచి "సగం, అమ్మా!" అని అరిచింది. నా చేతిలో ఉన్న సూప్ గిన్నె కిందపడింది. నేలంతా బఠాణీలు. దాన్ని రెక్క పట్టుకుని పైకి లాగాను. జీవితంలో మొదటిసారి కొట్టాను కూడా. అది ఏడవలేదు, ఎందుకు కొట్టావని కూడా అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్న పనిచేసే బడిలో బాయిలర్ పాతబడిపోయి పేలిందనీ, ఆయన చేసిన తప్పేమీ లేదనీ నువ్వు అందరికీ చెబుతూ వచ్చావు. ఆ రోజు నేను అక్కడ ఉన్నానని నీకు తెలీదు. నాన్నకి మధ్యాహ్నం అన్నం డబ్బా ఇచ్చేది నేనే కదా. ఆయన తిన్నాక బూడిద పారబోయడానికి వెళ్తూ నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు. "గాజు మీదే కళ్ళు పెట్టు. నీళ్ళు ఈ గీత కిందికి దిగితే అరువు" అన్నాడు. కాసేపు చూశాను. బయట పిల్లలు మంచు మీద జారుతున్న కేకలు వినబడ్డాయి. ఒక్కసారి జారి వచ్చేద్దామనుకున్నాను, అమ్మా. ఒక్కసారే. నేను గట్టు దిగుతుండగా ఆ చప్పుడు వినబడింది. వెనక్కి వెళ్ళలేదు. ఇంటికి పరిగెత్తి మంచం కిందికి దూరాను. నువ్వొచ్చి నాన్న గురించి చెప్పేవరకు బయటికి రాలేదు.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏ ఫాదర్‌కీ ఈ పాపం చెప్పుకోలేదు. రోసేర్‌కి చెప్పలేదు. నేను చూస్తూ ఉండి ఉంటే నాన్న బతికేవాడు. ఈ ఆదివారం రోసేర్‌కి అంతా చెప్పేసి, ఇల్లు అమ్మేద్దామంటాను. అతని మొహం ఎలా మాడిపోతుందో ఇప్పుడే కనబడుతోంది. నా కూతుర్ని మాత్రం ఆ గాజు ముందు నిలబెట్టలేను. నన్ను ఇంకా కూతురనుకోవాలో వద్దో నువ్వే చెప్పు.

బాయిలర్ గురించి నువ్వేమీ బెంగపడకు. రోజుకి పదిసార్లు చూస్తున్నాను. మంట వెలుగుతున్నా ఆరిపోయినా నీళ్ళు సరిగ్గా సగానికే ఉంటున్నాయి, వెంట్రుకవాసి కూడా కదలడం లేదు. సెయింట్ ఆన్ కాపాడుతోంది. ఆదివారం నుంచి మోతలు కూడా పూర్తిగా ఆగిపోయాయి. మేడమీద గదులు మాత్రం చల్లబడ్డాయి, కింద కాస్త ఇనుము కాలిన వాసన వస్తోంది. గురువారం మిల్లు నుంచి రాగానే కుళాయి తిప్పి బాయిలర్‌లోకి కాసిని కొత్త నీళ్ళు పడతానన్నాడు రోసేర్.

నీ కూతురు,
లోరెట్

*

వూన్‌సాకెట్
27 జనవరి, శుక్రవారం

లోరెట్, నా తల్లీ,

నిన్న ఫోన్‌లో నేను తిట్టిన తిట్లన్నీ మర్చిపో. నీ ఉత్తరం మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చింది. నాన్న సంగతి చదివి ఏడ్చాను, ఏడుస్తూనే చివరి పేరా చదివాను. "వెంట్రుకవాసి కూడా కదలడం లేదు" అన్న చోట నా కన్నీళ్ళు ఆగిపోయాయి. చెప్పులతోనే మంచులో లషాన్స్ కొట్టుదాకా పరిగెత్తాను. ఉన్నవాళ్ళందర్నీ తోసేసి ఫోన్ లాక్కున్నాను. నువ్వు ఎత్తి, "సగానికే ఉందమ్మా, ఇప్పుడే చూశాను" అన్నావు. అచ్చం అదే మాట ఇంతకుముందు ఒకసారి విన్నాను.

మెట్ల పైన నూనె మంటకి ఉండే ఎర్ర స్విచ్ ఆపు, నీళ్ళ కుళాయి ముట్టుకోకు, మిల్లుకి ఫోన్ చేసి రోసేర్‌ని కూడా ముట్టుకోవద్దను, బయటికి పో అంటే, చలమ్మా అన్నావు. చలేస్తే పక్కింటావిడ కిటికీ తెర తీసి చూడ్డం కాదు, తలుపు తీస్తుంది అన్నాను. రాత్రి రోసేర్ కొట్టుకి ఫోన్ చేసి చెప్పాడు. గాజుగొట్టానికి నీళ్ళొచ్చే దారులు తుప్పుబురదతో పూడుకుపోయాయట. నువ్వు రోజుకి పదిసార్లు చూసింది గొట్టంలో చిక్కుకున్న పాత నీళ్ళని. బాయిలర్ అడుగున బెత్తెడు నీళ్ళే మిగిలాయట. కాలుతున్న ఆ ఇనుము మీద చన్నీళ్ళు పట్టి ఉంటే ఏమయ్యేదో మరమ్మతువాడు చెప్పాడట. మా అల్లుడు అది నాకు చెప్పలేకపోయాడు. చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.

ఇక ఒమేర్ గురించి విను. మీ నాన్న ఆస్పత్రిలో రెండు రోజులు బతికాడు. మొహమంతా కట్లు. ఆ కట్లలోంచే చెప్పాడు: "గాజులో సగం ఉన్నాయి ఎగ్జిల్దా. వారం రోజులుగా సగమే. నేను మురిసిపోయాను." రోజూ పొద్దున ఆ గొట్టం అడుగు కుళాయి తిప్పి బురద వదలడం ఆయన పని. ఆ శీతాకాలం దగ్గుతో వంగలేక వదిలేశాడు. బూడిద పోసి వచ్చేసరికి ఇనుము టకటకలాడుతోందట. గాజు సగం చూపిస్తున్నా అనుమానమొచ్చి చన్నీళ్ళు తిప్పాడు, అవి ఒక్కసారిగా ఆవిరై బాయిలర్ పేలింది. ఊళ్ళో అంతటి జాగ్రత్తపరుడు లేడని పేరు కదా. ఆ పేరు పోనివ్వొద్దు, పిల్లలకి చెప్పొద్దు అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను తప్పంతా బాయిలర్ మీద నెట్టేశాను. ఆ ఒట్టు పట్టుకుని ఇన్నేళ్ళు కూర్చున్నాను. దాని బరువు నీమీద పడుతోందని నాకు తెలీదు. తెలిసుంటే ఆయన సమాధి దగ్గరే, నలుగురి ముందే తెంచేసేదాన్ని.

ఇంకొక్కటి కూడా అడిగాడు. "పిల్ల ఎక్కడ?" అన్నాడు. ఇంట్లో ఉంది, ఒళ్ళు గీసుకుపోనైనా లేదన్నాను. ఆయన అంతలా ఎందుకు ఏడ్చాడో నిన్న నీ ఉత్తరం చదివేదాకా నాకు అర్థం కాలేదు. నువ్వు పీట మీద కూర్చుని రోజంతా చూసినా నీకు సగమే కనబడేది, లోరెట్. "సగం, నాన్నా" అనేదానివి. అక్కడే ఉండేదానివి. నేను రెండు శవపేటికల వెనక నడిచేదాన్ని. నువ్వు మంచులో జారడానికి వెళ్ళావు. ఆ పాపానికి ఫాదర్ నీకేం శిక్ష వేస్తాడో కానీ, నేను మాత్రం రోజూ దేవుడికి దణ్ణం పెడతాను.

ఇల్లు అమ్మడం నీ ఇష్టం, రోసేర్ ఇష్టం. కానీ నోయెల్లాని కొట్టినందుకు దానికి క్షమాపణ చెప్పు, ఎందుకు కొట్టావో కూడా చెప్పు. మనింట్లో దాపరికాలు ఇక చాలు. సెయింట్ ఆన్ పతకం తీయకు, కానీ ఆవిడ గొట్టాలు కడగదు. అది నువ్వే కడగాలి.

వచ్చే శనివారం బస్సులో వస్తున్నాను. ఒమేర్ పోయినప్పటి నుంచి నేను ఏ ఇంటి నేలమాళిగలోకీ దిగలేదు. మీ ఇంట్లో దిగుతాను. నా ఒక చెయ్యి నువ్వు పట్టుకో, ఇంకోటి ఇంజనీరమ్మని పట్టుకోమను. మంట వేసి, గాజులో నీళ్ళు కదులుతుంటే నాకు చూపించండి.

మీ అమ్మ,
ఎగ్జిల్దా