ఎడమవైపు రాగిరంగు

మా ఇంటి మహారాణికి, పదవి ఊడిన మొగుడు చేసుకుంటున్న మనవి.

ఇక్కడ నేనూ, నువ్వు వదిలి వెళ్ళిన కుండీల్లో మొక్కలూ క్షేమం. మొక్కలు నాకన్నా కాస్త ఎక్కువ క్షేమం. అక్కడ నువ్వూ, మీ అక్కా, ఆవిడ రక్తపోటూ కుదురుగా ఉన్నారని తలుస్తాను.

ఫోను చేస్తే ఎత్తనన్నావు. "మీ గొంతు వింటే నవ్వొస్తుంది, నవ్వితే కోపం పోతుంది. ఈసారి పోవడానికి వీల్లేదు. ఉత్తరం రాయండి" అన్నావు. సరే, కోర్టువారి ఉత్తర్వు. మీ అక్క కొత్త గాజుబల్ల మీద నేను గీసిన పగులు ఉత్త రంగేననీ, తడిగుడ్డతో తుడిస్తే పోయేదేననీ మరోసారి విన్నవించుకుంటున్నాను. అంత బాగా గీయడమే నా తప్పు. ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతుందని నాకేం తెలుసు? నేను తుంటరి పనులు మానేదాకా ఇల్లు తొక్కనని నువ్వు పెట్టె సర్దుకుంటావని అసలే తెలీదు.

నువ్వడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. గిన్నెలు మాడ్చడం మానేశాను, వండడమే మానేశాను కాబట్టి. నిద్ర పడుతోందా అన్నావు. పట్టడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికో పోవాలనిపిస్తుంది, పోతే వెనక్కి రావాలనిపిస్తుంది. కాలుగాలిన పిల్లి నన్ను చూస్తే జాలిపడుతుంది. ఎందుకో చెబుతాను. ముందు మీ తమ్ముడి కారు సంగతి అడిగావు కదా, అది విను.

చక్రాలకు నల్లరంగు వెయ్యమన్నాడు వాడు. వెండిరంగు ముసలాళ్ళదట.

"బావా, నిగనిగలాడే నలుపు కాదు, మసిగుడ్డలాంటి నలుపు కావాలి" అన్నాడు.

"నీ మొహంలాగానా?"

"నీ మనసులాగా."

మాటకు మాట నేర్పింది నేనే, అనుభవించాలి. నా రంగుల షెడ్డులో చక్రాలు విప్పి, టైర్లు ఊడదీసి, పాతరంగు ఉప్పుకాగితంతో గీకి, అడుగుపూతగా ప్రైమరు కొట్టాను. నట్లు కూర్చునే గుంటల్లో రబ్బరు బిరడాలు దూర్చి, ఆ తర్వాతే నల్లరంగు కొట్టాను. ఆ గుంటల్లోకి రంగు పోకూడదు. నట్టు లోహాన్ని పట్టుకోవాలి గానీ రంగును కాదు. మా పనిలో ఇది అఆల పాఠం.

నాలుగు చక్రాలూ బుద్ధిమంతుల్లా ఆరాయి. టైర్లు ఎక్కించేశాను. వాటిని చూస్తుంటే నా చేతులకు దురద పుట్టింది. ఎవరి మోటారుసైకిలుకో కలిపిన రాగిరంగు డబ్బాలో మిగిలి ఉంది. మీ తమ్ముడు ఎక్కేదీ దిగేదీ కుడివైపు. తన కారుకు ఎడమవైపు ఒకటుందని వాడికి గుర్తుంటుందా? వాడు టీకి వెళ్ళిన సందులో ఎడమవైపు రెండింటికీ రాగిరంగు కొట్టి, పైపైన ఆరీ ఆరకముందే కారుకు బిగించేశాను.

అవును, చేశాను. ఆగు, చించెయ్యకు. అసలుది ఇంకా ఉంది.

సాయంత్రానికల్లా వీధిలో తగువు మొదలైంది. "ఆ రాగిరంగు చక్రాలు భలే ఉన్నాయి" అని ఈపక్క టైలరమ్మ అంది. "రాగేమిటి తల్లీ, బొగ్గులా ఉంటే! కళ్ళద్దాలు మార్చుకో" అన్నాడు ఎదురుపక్క సెలూనాయన. "నువ్వు గడ్డాలు కూడా ఇలాగే చూసి గీస్తావా? ఎన్ని చెవులు పోయాయో పాపం!" అందావిడ. నేను తలుపు చాటున నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. నువ్వు పక్కన ఉంటే నా వీపు మీద చరిచి, నువ్వూ నవ్వేదానివి.

మర్నాడు మీ తమ్ముడు తన పాపను ఎక్కించుకుని పెద్దరోడ్డు మీదికి వెళ్ళాడు. కాసేపటికి ఫోను.

"బావా, ఎడమవైపు టకటకా ఏదో కొట్టుకుంటోంది. మెల్లగా ఇంటికి తెచ్చెయ్యనా?"

అప్పుడు వెలిగింది నాకు. బిరడాలు! నల్లరంగుకు పెట్టాను, దొంగచాటు రాగిరంగుకు పెట్టలేదు. నట్లు పచ్చిరంగు మీద కూర్చున్నాయి. కారు పరుగెత్తేసరికి ఆ రంగు నలిగిపోయి, నట్లు పట్టు వదిలేశాయి.

"ఆపరా! అంగుళం కదిలించకు! పాపను దించి దూరంగా నిలబడు!"

"ఇదేం కొత్త వేళాకోళం బావా?"

చూశావా నా బతుకు! ఒక్కసారి నిజం అరిస్తే నమ్మే దిక్కులేదు. "మీ అక్క మీద ఒట్టురా!" అని నీ మీద ఒట్టేశాను. అప్పుడు ఆపాడు.

స్కూటరు మీద ఎలా వెళ్ళానో గుర్తులేదు. ముందు చక్రం నట్లు పానా అక్కర్లేకుండా నా వేళ్ళతోనే తిరిగాయి. ఒకటైతే లేనే లేదు. పాప రోడ్డు పక్క రాయి మీద కూర్చుని బిస్కెట్టు కొరుకుతూ, "మావయ్యా, కారుకు జ్వరమా?" అంది. జ్వరం కారుకు కాదమ్మా అనుకుంటూ జాకీ కోసం డిక్కీ తెరిచాను.

జాకీ ఎత్తి, చక్రాలు విప్పి, గుంటల్లో రంగంతా లోహం తేలేదాకా గీకి బిగించాను. అప్పుడు చూశాడు మీ తమ్ముడు ఆ రంగు. రోడ్డు మీదే చతికిలబడి నవ్వాడు. "ఇందుకా వీధంతా జుట్టూ జుట్టూ పట్టుకుంటోంది! ఉండనీ బావా, బాగుంది. అక్కకు చెప్పనులే" అన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "ఇంతకీ నట్లెందుకు వదులయ్యాయి?" అని అడిగాడు.

"పాతవి కదరా, అరిగిపోయాయి" అన్నాను.

నా నోరు ఎంత వాడిదో నీకు తెలుసు. అంత నోరూ ఆ పూట ఆ ఒక్క అబద్ధానికే పనికొచ్చింది. పిచ్చివాడు మర్నాడే కొత్త నట్లు కొనుక్కొచ్చి నాచేతే వేయించుకున్నాడు. చేతులు పట్టుకుని, "నువ్వు అరవకపోతే మేమిద్దరం ఉండేవాళ్ళం కాదు బావా" అన్నాడు.

అదే నీకూ చెప్పినట్టున్నాడు. "నా తమ్ముణ్ణీ మేనకోడల్నీ దక్కించారు. ఇక నాకు కోపం లేదు. ఆదివారం వాడి కారులోనే వచ్చేస్తున్నాను" అని రాశావు. ఆ ముక్క కోసం ఇన్నాళ్ళూ గుమ్మంలో కాపలా కాశాను. తీరా వచ్చాక కూర్చోలేకపోతున్నాను. పానా పట్టుకుని వీధిలో కనిపించిన కారుకల్లా నట్లు బిగించి చూస్తున్నాను. నిన్న ఒకాయన దొంగననుకుని చొక్కా పట్టుకున్నాడు. వదలమని కూడా అడగలేదు.

నేను దక్కించలేదే. పోగొట్టబోయింది నేనే. వీధిలో రెండు నవ్వుల కోసం పాప కూర్చున్న కారుకు చక్రాలు వదులు చేసింది నేనే. ఈ సంగతి చెప్పకుండా నోరు మూసుకుంటే ఆదివారం నువ్వొస్తావు. కానీ నువ్వు వచ్చేది ఆ దక్కించినవాడి దగ్గరికి. వాడు ఈ ఇంట్లో లేడు. వాడిలా నటిస్తూ నీ ఎదురుగా ఎన్నాళ్ళు తిరగను?

కారు గురించి మాత్రం బెంగపడకు. ఇప్పుడు లోహం మీద లోహం కూర్చుంది. నువ్వు ఎక్కినా ఎక్కకపోయినా, రోజూ పానా వేసి చూస్తూనే ఉంటాను.

బయట మీ తమ్ముడు హారను కొడుతున్నాడు. ఈ ఉత్తరం పోస్టులో వేసేది వాడే. కవరు అంటించడం లేదు. "వెయ్యబోయే ముందు చదవరా" అని చేతిలో పెడుతున్నాను. వాడు చదివినంతసేపూ అక్కడే, వాడి ఎదురుగానే నిలబడతాను. ఇది నీకు అందిందంటే, చదివాక కూడా వాడే పోస్టు చేశాడని అర్థం. ఆపైన నీ ఇష్టం.

ఇట్లు,
నువ్వు కాదనేదాకా నీ మొగుణ్ణి.