నడక నాది, దెబ్బ నీది

కోదాడ,
16 నవంబరు 2025, ఆదివారం మధ్యాహ్నం.

తమ్ముడు ఫకీరాకు,

నీ ప్రభాకర్ అన్న నమస్కారాలు. ఉభయకుశలోపరి అని రాయబోయి కలం ఆపాను. మనిద్దరిలో కుశలం ఎవరికి ఏడ్చింది గనక! నీకూ కిడ్నీలు పనిచేయవు, నాకూ చేయవు. అందుకని ఆ మాట కొట్టేసి, మరదలు చిన్నికి, మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పమని మాత్రం రాస్తున్నాను.

నీ ఫోన్ గురువారం నుంచి స్విచాఫ్. చిన్ని ఫోన్ మోగుతుంది గానీ ఎత్తదు. నువ్వే ఎత్తొద్దని చెప్పి ఉంటావు, నాకు తెలియదా. సైదయ్య వడ్ల లోడు కోసం సాయంత్రం లారీ తీసుకుని మిర్యాలగూడ వస్తున్నాడు. రేపు పొద్దున మాడుగులపల్లి మీదుగా మీ తండాకు వచ్చి ఈ కవరు నీ చేతిలోనే పెడతానన్నాడు. ఈ రోజుల్లో ఉత్తరం రాసేవాళ్లు ఎవరండీ అని మా లీలావతి నవ్వింది. ఫోన్ ఎత్తనివాడికి ఇంకేం చెయ్యమంటావు అన్నాను. తను నవ్వడం ఆపేసి, కాగితాలు వెతికి తెచ్చి ఇచ్చింది.

గురువారం నువ్వు డయాలిసిస్‌కు సూర్యాపేట రాలేదు. బస్సు తప్పిపోయి ఉంటుందిలే అనుకున్నాను. నిన్న శనివారం కూడా రాలేదు. సిస్టర్ రేణుకమ్మ నా సూదులు పెడుతూ నీ సంగతి నన్నే అడిగింది. నేనేదో నిన్ను దాచిపెట్టినట్టు కళ్లలోకి చూసింది. రెండు సిట్టింగులు తప్పినయ్ సారూ, మంగళారం కూడా రాకుంటే ఇగ నాకు కాదు, అంబులెన్సుకే ఫోన్ కొట్టుండ్రి అని చెప్పింది. ఆమె కోపంలో అనలేదు. మామూలుగా, పేషెంటు బరువు ఎంతో చెప్పినంత మామూలుగా అంది.

ఇప్పుడు నీ పరిస్థితి నేను చూడకుండానే చెప్పగలను. మొహం ఉబ్బి ఉంటుంది. చెప్పులు కాళ్లకు ఎక్కవు. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుని ఉంటావు. మంచినీళ్ల బిందె వైపు చూస్తుంటావు, చిన్ని దాన్ని లోపలికి తీసుకుపోతుంది. పోయినేడు మా బావమరిది పెళ్లని నేను ఒక్క సిట్టింగు ఎగ్గొడితే నాకు జరిగింది ఇదే. అప్పుడు నన్ను బండబూతులు తిట్టింది ఎవరో గుర్తుందా? నువ్వే.

నీ అయిదో మంచం మీద ఈ రెండు రోజులూ దేవసహాయం అనే రిటైర్డ్ మాస్టారిని పడుకోబెట్టారు. మంచివాడే. మిషన్ ఆన్ కాగానే గురక మొదలుపెట్టి, ఆఫ్ కాగానే లేస్తాడు. నా ఆట మిషన్, ఆ చేతి వీడియో గేము, సంచిలోంచి తీసి, మన మధ్య ఉండే స్టీలు బల్ల మీద పెట్టాను. ఒంటి చేత్తో ఆడి చూద్దామనుకున్నాను. ఎక్కడ! తెర మీద కత్తి పట్టుకున్న ఆ చిన్న మనిషి నడుస్తాడు, కొట్టడు. అటుపక్క మీట నొక్కే చెయ్యి లేదు. మొదటి అంతస్తులో గబ్బిలం వచ్చేదాకా నడిచాడు, చచ్చాడు. మళ్లీ లేచాడు, నడిచాడు, చచ్చాడు. చూస్తూ ఊరుకున్నాను. బాధ అనిపించలేదు, విసుగు కూడా రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ పెద్దగా అనిపించడం లేదు ఫకీరా. అన్నం తింటున్నాను, రుచి తెలియదు. కోదాడలో బస్సెక్కుతున్నాను, సూర్యాపేటలో దిగుతున్నాను, మధ్యలో దారి గుర్తుండదు. లోపలంతా మొద్దుబారింది.

ఇంతకుముందు ఇలా ఉండేది కాదు కదా. రెండేళ్ల కిందట నువ్వు మొదటిసారి నా పక్క మంచం మీదకు వచ్చినప్పుడు నన్ను ఊరి దొరను పిలిచినట్టు పటేలా అని పిలిచావు. నీ చేతిలోనూ సూదులే, నా చేతిలోనూ సూదులే, ఇంకా పటేలు ఏందయ్యా అంటే నెల రోజులకు గానీ అన్నా అనలేదు. మా తమ్ముడి కూతురు మనీషా ఆ ఆట మిషన్ తెచ్చింది ఆ నెలలోనే. పన్నెండు ఆటలు వేసి ఇచ్చింది. నేను చిన్నప్పుడు సూర్యాపేట బస్టాండు వెనక కిరాయికి ఆడిన ఆటల్లాగే ఉన్నాయి, గడుల గడుల మనుషులు, కీచు గొంతు పాటలు. పాతవా అంటే కాదు పెద్దనాన్నా, పాత పద్ధతిలో ఇప్పటివాళ్లు చేసినవే, అన్నీ చిన్నవి, నీ నాలుగు గంటల్లో ఒకటి అయిపోతుంది అంది. పిచ్చిపిల్ల, నాకు ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యే అన్న సంగతి మరిచిపోయింది.

ఆ ఉపాయం నీదే. నాకు సూదులు ఎడమ చేతికి. నీకు ఎడమ చేతి నరం మూసుకుపోయి కుడి చేతికి మార్చారు. నువ్వు నా కుడి పక్కన. నా కుడి చెయ్యి, నీ ఎడమ చెయ్యి, మధ్యలో బల్ల. ఇద్దరం కలిస్తే ఒక మనిషైతం గదన్నా అన్నావు. మిషన్‌కు ఎడమ పక్కన నడిపించే మీట, అది నా కుడి బొటనవేలికి వచ్చింది. కుడి పక్కన ఎగిరే మీట, కొట్టే మీట, అవి నీ ఎడమ బొటనవేలికి. రెండూ తప్పు చేతులే. మొదటి వారమంతా నేను గుంటలోకి నడిచేవాణ్ణి, నువ్వు నేను నడవకముందే ఎగిరేవాడివి. తర్వాత కుదిరింది. నడక నాది, దెబ్బ నీది అని నువ్వే పేరు పెట్టావు.

ఆ మూడో ఆటలో ప్రాణం తగ్గినప్పుడు టింగు టింగుమని మోగేది గుర్తుందా? డయాలిసిస్ మిషన్ అలారం అనుకుని రేణుకమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి నీ బీపీ చూసింది. నీ బీపీ బాగానే ఉంది, చచ్చిపోతున్నది బొమ్మ. ఆ రోజు ఆమె తిట్టిన తిట్లకు వార్డంతా నవ్వారు. అప్పటి నుంచి సౌండు బంద్. ఇంకోసారి నీ పిక్కలు పట్టేసి నువ్వు పళ్లు బిగించి అల్లాడుతుంటే, నేను మన మనిషిని గోడ చాటున నిలబెట్టి కాపలా కాశాను. పావుగంట తర్వాత నువ్వు చెమట తుడుచుకుని, ఎక్కడున్నడన్నా మనోడు అని అడిగావు. ఉన్నాడ్రా, నీకోసమే నిలబడ్డాడు అన్నాను.

అలా రెండు తప్పు చేతులతో, ఒక్కోదానికి రెండేసి నెలలు పట్టినా, పదకొండు ఆటలు పూర్తి చేశాం. ఒక్కొక్కటీ గెలిచినప్పుడు నువ్వు నవ్వుతూ ఒకే మాట అనేవాడివి. ఇవి ఖతమైనదాంక వస్త, అయినంక ఇగ రాను, చిన్నిని ఎన్ని దినాలని పరేషాన్ చేస్త అని. నేను నవ్వేవాణ్ణి. రైసు మిల్లులో ఇరవై ఏళ్లు బస్తాలు మోసిన మనిషివి, ఇప్పుడు నిన్ను ఇంకొకరు మోస్తున్నారని నీకు నామోషీ. అది నాకు తెలుసు. నన్ను మా లీలావతి మోయడం లేదా?

పన్నెండో ఆట దగ్గర మనం ఇరుక్కున్నాం. ఏడంతస్తుల బురుజు, పైన కొమ్ముల రాక్షసుడు. వాడు గద ఎత్తగానే నేను ఒక్క అడుగు వెనక్కి వెయ్యాలి, గద కింద పడగానే ముందుకు వెయ్యాలి, నువ్వు కొట్టాలి. అంతే. ఆరు వారాలు పట్టినా వాడు చావలేదు. ప్రతిసారీ వాడి ప్రాణం ఒక్క గీత మిగిలినప్పుడు మనమే చచ్చాం.

మొన్న మంగళవారం కూడా అదే జరిగింది. ఒక్క గీత మిగిలినప్పుడే నీ వేలు ఎందుకు ఆలిస్యమైతున్నదన్నా, కావాలని చేస్తున్నవా అని నువ్వు గట్టిగానే అడిగావు. వార్డంతా విన్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా వేలు తిమ్మిరెక్కి చచ్చింది, కనపడటం లేదా అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. బస్తాలు మోసే చేతులకు మీట నొక్కడం ఏం తెలుస్తుంది, నీ దెబ్బే తప్పు అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక మళ్లీ లోపలికి పోదు. నువ్వు సరే పటేలా అన్నావు. రెండేళ్ల తర్వాత మళ్లీ పటేలా! అని గోడ వైపు మొహం తిప్పుకున్నావు. అప్పటికి మనకింకా రెండు గంటలుంది. పోట్లాడుకున్నవాళ్లు ఎవరైనా లేచి వెళ్లిపోతారు, మనకు ఆ అదృష్టం కూడా లేదు. ఇద్దరికీ సూదులు. రెండు గంటలు నీ వీపు చూస్తూ పడుకున్నాను.

ఆ మాట తప్పు. నేను ఒప్పుకుంటున్నాను. నీ చేతులు ఎప్పుడూ తప్పు కొట్టలేదు. కానీ నా వేలికి తిమ్మిరి మాత్రం నిజమే. మందుల వల్ల వస్తుందని డాక్టరు కూడా అన్నాడు. పట్టించుకోకు. మంగళవారం తప్పకుండా రా. అయిదో మంచం నీకే ఉంచమని రేణుకమ్మకు చెప్పాను. దేవసహాయం మాస్టారికి ఏ మంచమైనా ఒకటే, ఆయనకు నిద్ర ముఖ్యం.

మిర్యాలగూడ రోడ్డంతా వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయట, బస్సులు ఆలస్యంగా నడుస్తున్నాయట. గంట ముందే బయలుదేరు. నీళ్లు తాగకు.

ఇట్లు,
నాలుగో మంచం,
ప్రభాకర్.

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. బయట సైదయ్య హారన్ కొడుతున్నాడు, కొట్టనీ.

నా వేలికి తిమ్మిరి లేదు ఫకీరా. ఒక్కరోజు కూడా లేదు. నువ్వు అడిగిందే నిజం. ఆరు వారాల నుంచి కావాలనే చేస్తున్నాను.

దసరా ముందు చిన్ని టీ కొట్టు దగ్గర నన్ను ఆపి ఏడ్చింది. బస్ పాస్ నవంబరుతో అయిపోతది, మళ్ల చేయించకు, ఇంకొక్క ఆటే ఉన్నది, అప్పటికి ఖతమైతది అన్నావట నువ్వు. అప్పటిదాకా అది తమాషాకు అంటున్నావనుకున్నాను. ఆ రోజు మనం మొదటిసారి ఆ రాక్షసుణ్ణి ఒక్క గీతకు తెచ్చాం. వాడు గద ఎత్తాడు. నేను అడుగు వెయ్యలేదు. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. ఆట అయిపోకపోతే నువ్వు వస్తూనే ఉంటావనుకున్నాను. అందరి ముందు నువ్వు నన్ను పట్టేసుకునేసరికి ఇంకేం దొరక్క ఆ పాడుమాట విసిరాను. నిన్ను రప్పించడానికి ఆడిన నాటకంతో నేనే నిన్ను రాకుండా చేశాను.

నీ కోసమే చేశానంటే అది ఇంకో అబద్ధం. నీ చెయ్యి ఆ బల్ల మీద లేకపోతే నేను కోదాడలో బస్సెక్కడానికి నాకూ కారణం కనపడటం లేదు.

మంగళవారం రా. ఈసారి వాడు గద ఎత్తగానే అడుగు వెనక్కి వేస్తాను. గద పడగానే ముందుకు వేస్తాను. నువ్వు కొట్టు. వాడు చస్తాడు, పన్నెండో ఆట అయిపోతుంది. ఆ తర్వాత పాస్ సంగతి నీ ఇష్టం, నేను అడ్డం రాను. గురువారం మాత్రం నేను వచ్చి, నాలుగో మంచం మీద ఎడమ చెయ్యి రేణుకమ్మకు ఇచ్చి, కుడి చెయ్యి ఆ బల్ల మీద పెట్టి పడుకుంటాను.