నా గుడ్ల బండీ, ఇనుప పెనమూ

ధర్మవరం రైల్వే స్టేషను బయట గుడ్ల బండి పెట్టుకొని బతికిన బుడన్‌సాబ్ అనే నేను, గొంతులో గడ్డ ఉన్నా తలకాయ సరిగ్గానే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, పట్టరాని సంతోషంతో రాసుకొన్న వీలునామా. సంతోషం ఎందుకంటే, గంజి కూడా కష్టంగా దిగే ఈ గొంతులోకి నిన్న నా కూతురు షంషాద్‌బీ వేసిన ఆఫ్‌బాయిల్ గుడ్డు దిగింది. సొన వెచ్చగా జారిపోయింది. అల్లా, అచ్చం నేను వేసినట్టే! ఇంక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పినా ఆ సంతోషం తగ్గలేదు.

1. నేనుండే ఇల్లు బాడుగది. దానికోసం ఎవరూ కొట్లాడే పని లేదు.

2. హిందూపురంలో సైకిల్ షాపు పెట్టుకొన్న పెద్దకొడుకు కాలేసాబ్‌కు నా చేతి గడియారం. వాడికెప్పుడూ తొందరే. బండి దగ్గర నిలబెడితే మంట పెంచి, సొన చిదిపి, తిరగేసి, అట్టముక్కలా చేసి ఇచ్చేవాడు. "తినేటోళ్లకు ఏం తెలుస్తాది నాయనా" అనేవాడు. తెలుస్తుందిరా. అందుకే వాళ్లు మళ్లీ రాలేదు. ఈ గడియారం కాస్త వెనకబడి నడుస్తుంది. నీకు అదే మంచిది.

3. పెనుకొండ లారీ ఆఫీసులో పనిచేసే చిన్నకొడుకు సాబ్జాన్‌కు నా ఉన్ని శాలువ. గుడ్ల వాసన గిట్టదని చిన్నప్పుడు కూడా నా పక్కన పడుకొనేవాడు కాదు. శాలువ ఉతికించి ఇవ్వండి.

4. నా బండికొచ్చే మగ్గం నేసేవాళ్లు పట్టుకు మరక తగలకుండా సొనను పగలనీయక ఒక్క నోటికే మింగుతారు. నా స్నేహితుడు రామచంద్ర మాత్రం ఒకరోజు తను నేసిన కొత్త చీర చంకలో పెట్టుకొని, నాతో కబుర్లాడుతూ కొరికినాడు. అంచు మీద సొన పడింది. "నీ గుడ్డే నన్ను ముంచింది సాయిబూ" అని చాన్నాళ్లు మాట్లాడలేదు. అమ్ముడుపోని ఆ చీర నేనే కొని నా భార్య పీరాంబీకి ఇచ్చినాను. మరకను లోపలికి మడిచి ప్రతి పండక్కీ అదే కట్టింది. ఆమె పోయినప్పుడు రామచంద్ర పిలవకుండానే వచ్చి జనాజా మోసినాడు. ఆ చీర షంషాద్‌కు. ఈ వీలునామా నడిపించే బాధ్యత రామచంద్రకు.

5. బండి, కిరసనాయిలు స్టవ్వు, ఇనుప పెనం షంషాద్‌బీకే. రొళ్ల ఊళ్లో మొగుడు వదిలేస్తే ఉత్త చేతులతో వచ్చింది నా తల్లి. పెనాన్ని సబ్బుతో తోమొద్దమ్మా. శెనగనూనె, సన్నమంట. గుడ్డును సాసరులో కొట్టి, పెనానికి ఆనించి జార్చు. తెల్లసొన అంచు లేచి, పచ్చసొన ఇంకా వణుకుతుండగానే దించెయ్.

"ఆడకూతురు రోడ్డు మీద గుడ్లు కొడతాంటే మన మర్యాద యాడుంటాది నాయనా?" అని కొడుకులిద్దరూ నా మంచం పక్కనే అడిగినారు. మీ అమ్మ ఓబులదేవరచెరువు నుంచి గుడ్ల గంప ఒళ్లో పెట్టుకొని బస్సులో తెచ్చేది. ఆ మర్యాదతోనే మీరు పెరిగినారు.

6. వారసురాలికి ఇలా రాసిచ్చింది, నేను పోయినాక మిగతా వారసులు ఒప్పుకొంటేనే చెల్లుతుందని ఖాజీగారు చెప్పినారు. అంటే నా చేతిలో ఏమీ లేదు. కాబట్టి నలభయ్యో రోజు నా పేరున చదివించే ఫాతెహాకు బిర్యానీ వద్దు. స్టేషను బయట బండి పెట్టించండి. షంషాద్ రెండు ఆఫ్‌బాయిల్స్ వేస్తుంది. నా కొడుకులిద్దరూ అక్కడే, నలుగురూ చూస్తుండగా తింటే ఒప్పుకొన్నట్టే. రాకపోతే ఆ రెండూ మాడిపోయేదాకా చూసి, స్టవ్వు ఆర్పి, అన్నీ అమ్మి ధర్మప్రకారం పంచుకోండి.

కాలేసాబ్, సాబ్జాన్, చల్లారకముందే రండి నాయనా.

ధర్మవరం, 9 ఆగస్టు 1981
(సంతకం) బుడన్‌సాబ్
సాక్షులు: ఏసుదాసు (స్టేషను పోర్టరు), పోతులయ్య (టీ అంగడి)