చీటీ లేని పావులు

వన్ టౌన్,
జూన్ 20

ప్రియమైన సూరన్న బావకు,

నువ్వూ, చెల్లి కుసుమా క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే నేను అవును, కాదు తప్ప ఏమీ అననని నీ ఫిర్యాదు. అందుకే ఎప్పటిలాగే గురువారం వ్యాన్ డ్రైవర్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

విషయం మంచిది కాదు. సిరాజ్ భాయ్ కంపెనీ అమ్మేస్తున్నారు. గుండె ఆపరేషన్ తర్వాత ఆయన ఆఫీసు మెట్లెక్కలేకపోతున్నారు. కూతురు బుష్రాకు బొమ్మల వ్యాపారం మీద ఆసక్తి లేదు. కొనడానికి హైదరాబాద్ వాళ్ళు వచ్చారు. వాళ్ళు మొదటే మూడు విభాగాల్లో ఏది ఎంత సంపాదిస్తోందని అడిగారు. భాయ్ వాళ్ళ నాన్న, పెద్ద సాహెబు గారి కాలం నుంచీ మనది ఒకే పద్దు. ఇప్పుడు మూడేళ్ళ లెక్కలు విడదీస్తున్నాను.

ప్లాస్టిక్ విభాగానిది పెద్ద అమ్మకం, చిన్న లాభం. పోయినేడు అరవై రెండు లక్షల రూపాయల బొమ్మ కార్లు, బంతులు అమ్మి మూడు లక్షలు మిగిల్చింది. ఆటల పెట్టెల విభాగం నలభై లక్షలు అమ్మి తొమ్మిది లక్షలు మిగిల్చింది. బడులవాళ్ళు అష్టాచెమ్మా, పచ్చీసు పెట్టెలు బాగా కొంటున్నారు. మీ కర్రబొమ్మల విభాగం పద్దెనిమిది లక్షలు అమ్మింది. నాలుగు లక్షల నష్టం.

ఆ నష్టం నిజం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆటల పెట్టెల్లో పడే పావులు మీ లేత్ మిషన్ల మీద చేసినవే. కర్ర మీది, లక్క మీది, కూలి మీది. లాభం మాత్రం పెట్టెల పద్దులో కనిపిస్తోంది. ఈ గదిలోంచి ఆ గదిలోకి సామాను మారిస్తే బిల్లెందుకని పెద్ద సాహెబు గారు అనేవారు. మనం అలాగే నడుపుకొచ్చాం. ఇప్పుడు ఆ పావులకు ధర కట్టి మీకు రాబడిగా రాస్తే నష్టం పోతుంది. నష్టం వచ్చే విభాగం తమకు వద్దని, దాన్ని మూసుకోమని కొనేవాళ్ళు ముందే చెప్పారు.

ఎన్ని పావులు పంపారో చూపించే చీటీలు ఏవున్నా వచ్చే గురువారం పంపు.

నీ
కామరాజు


ఆనందపురం,
జూన్ 27

ప్రియమైన కామరాజు బావకు,

చీటీలు లేవు.

నీ ఉత్తరం షెడ్డులో చదివి వినిపించాను. మిషన్లన్నీ ఆగిపోయాయి. మిషన్ నడిపే నరేష్, "ఏటి మావా, పొద్దత్తమానం పని సేత్తే లాసంటారేటి?" అన్నాడు. రంగులు వేసే గౌరీశ్వరమ్మ, "మనం పంపిన పావులు ఆల కళ్ళకి ఆనలేదేటి?" అంది.

చీటీ ఎలా ఉంటుంది బావా? పెట్టెలవాళ్ళు ఫోన్ చేసేవారు. మేం గోనెసంచిలో పోసి, మూతి కుట్టి, వ్యాన్ ఎక్కించేవాళ్ళం. ఎవరైనా లెక్కపెట్టబోతే నేనే తిట్టేవాణ్ణి, మనవాళ్ళకు పంపేది లెక్కపెడితే మర్యాద కాదని. ఆ సంచులు దిగేది నీ బల్ల ముందే కదా. నీ కళ్ళే చీటీ అనుకో. ఏడాదికి ఐదారు లక్షల సరుకని రాయి. లేనిది రాయమనడం లేదు, ఉన్నదే రాయమంటున్నాను.

ఈ షెడ్డు మూతపడితే వీళ్ళకు ఇంకో పని దొరకదు. నరేష్ మొన్న పోర్టులో కాంట్రాక్టు కూలికి అడిగి చూశాడు. నలభై దాటాయని వద్దన్నారట.

కుసుమ మెంతికాయ పెట్టింది, సీసా జాగ్రత్త. "అన్నయ్య రాసేత్తాడులే, మనోడే కదా" అంటోంది.

నీ
సూరన్న


వన్ టౌన్,
జూలై 11

ప్రియమైన సూరన్న బావకు,

మెంతికాయ అందింది. చెల్లికి చెప్పు.

నువ్వు చెప్పిన అంకె రాయలేను. అమ్మిన పెట్టెలను బట్టి పావుల లెక్క కట్టొచ్చేమోనని చాలా ప్రయత్నించాను. కాని వానల్లో మీకు కర్ర ఆరని నెలల్లో, పెట్టెలవాళ్ళు ప్లాస్టిక్ పావులు వేశారు. ఎన్ని పెట్టెల్లో వేశారో వాళ్ళకే గుర్తు లేదు. నేను సంచులు చూశాను. సంచుల్లో ఎన్నున్నాయో చూడలేదు.

నాకు చదువు లేదు బావా. ఈ కొట్టు ఊడుస్తూ, పాత పద్దులు చూసి నేర్చుకున్నాను. చదువుకున్నవాడు అంచనా వేస్తే దానికో పేరుంటుంది. నేను వేస్తే దొంగలెక్క అంటారు. ఇన్నేళ్ళూ ప్రతి సాయంత్రం చూపించగలిగిందే రాశాను. అది తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

మీ పద్దు కింద ఒక వాక్యం రాస్తాను. 'ఆటల విభాగానికి పావులు బిల్లు లేకుండా సరఫరా అయ్యాయి, సంఖ్య తెలియదు.' అంతవరకే నా చేతనవును.

నీ
కామరాజు


ఆనందపురం,
జూలై 18

కామరాజుకు,

నీ వాక్యం అందింది. నరేష్ తన పిల్లల బడి ఫీజు కింద దాన్నే కట్టుకుంటాడు.

వానల నెలల్లో మనుషులు వెళ్ళిపోకుండా సగం కూలి ఇచ్చి ఉంచుకున్నాను. ఆ ఖర్చు మాత్రం రూపాయి తప్పకుండా మా నెత్తిన రాశావు, దానికి చీటీలున్నాయి కనక. మా చేతులమీదుగా వెళ్ళిన సరుకుకు చీటీ లేదు కనక అది వెళ్ళనే లేదు. నిజమేంటో నీకు తెలుసు. తెలిసీ కాగితం వైపు నిలబడ్డావు.

నీ చెల్లెలు ఇంట్లో నీ పేరెత్తడం లేదు. ఇక వ్యాన్లో ఉత్తరాలు పెట్టకు.

సూరన్న


వన్ టౌన్,
సెప్టెంబర్ 26

ప్రియమైన సూరన్న బావకు,

వద్దన్నావు. అయినా ఈ ఒక్కటి చదువు.

లెక్కలు హైదరాబాద్ వెళ్ళిపోయాయి. సంతకం పెట్టే ముందు సిరాజ్ భాయ్ నన్ను ఇంటికి పిలిచారు. "కామరాజూ, కర్రబొమ్మలు మా నాన్న మొదలెట్టిన పని. ఒక్క అంకె అటూ ఇటూ సేత్తే ఎవుడడుగుతాడు?" అన్నారు. పద్దు తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన అది చూసి, "పోనీలే, నీకు సేత కాదు" అని సంతకం పెట్టారు. కోపంగా అన్నా బాగుండేది. మెల్లిగా అన్నారు.

కొనేవాళ్ళు ప్లాస్టిక్, ఆటల పెట్టెలు తీసుకుంటున్నారు. కర్రబొమ్మలు వద్దన్నారు. అక్టోబర్ తర్వాత మీకు జీతాలు రావు. ఇంకెవరో చెప్పేకంటే నేనే రాయాలనిపించింది.

నాకూ ఆ నెలతో ఆఖరు. వాళ్ళ పద్దులు హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద రాసుకుంటారట.

ఇక్కడ వాన వదలడం లేదు. గోడౌన్ వెనక గోడ చెమ్మ పట్టింది. అట్టపెట్టెలు మెత్తబడుతుంటే ముందు గదిలోకి మార్పించాను. మీ వైపు కర్ర తడవకుండా చూసుకో.

నీ
కామరాజు


ఆనందపురం,
నవంబర్ 20

ప్రియమైన కామరాజు బావకు,

ఇప్పుడు కంపెనీ వ్యాన్ రాదు కనక ఈ ఉత్తరం నరేష్ బస్సులో తెస్తున్నాడు. ఇంత ఆలస్యానికి కారణం సిగ్గు.

నీ చివరి ఉత్తరం వచ్చేసరికి మమ్మల్ని వద్దన్నారని నాకు తెలుసు. సెప్టెంబర్‌లోనే హైదరాబాద్ కంపెనీ మనిషి ఉమామహేష్ షెడ్డు చూడటానికి వచ్చాడు. నువ్వు రాయననిది నేను నోటితో చెప్పాను. ఏడాదికి ఐదారు లక్షల విలువైన పావులు ఊరికే పంపాం, మా విభాగానికి నష్టమే లేదన్నాను. అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అలాగైతే మంచిదే. ఈ మిషన్లన్నీ మా ఫ్యాక్టరీకి తీసుకెళ్ళిపోతాం. అక్కడ మనుషులున్నారు. నేర్పడానికి మీరొక్కరు కొన్నాళ్ళు వస్తే చాలు" అన్నాడు.

నష్టమైతే మూసేస్తారు, లాభమైతే మోసుకుపోతారు. ఇది నాకూ తోచలేదు, నీకూ తోచలేదు.

రుజువేదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే గౌరీశ్వరమ్మ, "ఏ రుజువూ నేదు బాబూ, ఈ మావ గొప్పకి సెప్తన్నాడు" అనేసింది. అతను ఫోన్లో నీ లెక్క తీసి, కింద నువ్వు రాసిన వాక్యం చదివాడు. సంఖ్య తెలియదు. చూపించలేనిది మా వాళ్ళు నమ్మరని లేచి వెళ్ళిపోయాడు. అంతకు ముందు నిన్ను తిట్టింది ఆ వాక్యానికే.

దీపావళి ముందు బుష్రా వచ్చింది. కొన్నవాళ్ళు మా విభాగానికి విలువ సున్నా కట్టారట. "సున్నాయే కదా సూరన్న మావా, అది ఎవరికిత్తే ఏటని నాన్న అన్నారు" అంది. మిషన్లూ, షెడ్డు అద్దె కాగితమూ మా అందరి పేర రాయించి ఇచ్చింది.

అందరం మిగల్లేదు. ఇద్దరు ఆగలేక హైవే మీద హోటళ్ళలో కుదిరారు. వాళ్ళ మిషన్ల మీద గుడ్డ కప్పి ఉంచాం. పోయిన వారం ఆటల పెట్టెలవాళ్ళు పావులు కావాలని ఫోన్ చేశారు. ఇప్పుడు వాళ్ళు బయటివాళ్ళు. ధర చెప్పాను. ఎక్కువన్నారు, చివరికి ముందడిగిన పావుల్లో సగమే పంపమన్నారు. దాంతో ఫిబ్రవరి దాకా కూలి డబ్బులు వస్తాయి. తర్వాత సంగతి తెలియదు.

ఉద్యోగం పోయిందని రెండు ముక్కలు రాసి, కింద వాన గురించి అంత రాశావు. అది చదివి కుసుమ ఏడ్చింది. మేం నీకు జీతం ఇవ్వలేం. బస్సు ఛార్జీ, భోజనం మావి. వారానికొక రోజు వచ్చి బిల్లులు రాయి. రాకపోతే కుసుమ తనే వచ్చి లాక్కొస్తానంటోంది.

నిన్న నరేష్ పావులు సంచిలో పోయబోతే ఆపి, లెక్కపెట్టమన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఏటి మావా, నీకు కామరాజు మావ పూనాడేటి?" అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు, చాన్నాళ్ళకి. ఆ నవ్వులో లెక్క తప్పిపోయింది. పోసినవన్నీ కింద కుమ్మరించి, మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాం.

నీ
సూరన్న